ఆకాశపు రాళ్ళు – గ్రామ పంచాయతీల కర్తవ్యము

(నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాట్లాడబోవు విషయము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. పంచాయతీ సభ్యులు కూడినచోట మంచినీటి పథకము, వీధిదీపములు, ఇంటిపన్ను, రొయ్యల గుంటలనుండి వచ్చు ఉప్పునీటి బాధ, ఇట్టివి చర్చకు వచ్చుట పరిపాటి. ఆకాశమున తిరుగాడు రాళ్ళతో మనకేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. 2029వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీ రాత్రి ఒక పెద్ద రాయి మన భూమికి మిక్కిలి సమీపముగా సాగిపోనున్నది. ఆ రాయివలన మనకు హాని లేదు. కాని దానిని గూర్చి పుట్టు వదంతులవలన హాని కలుగవచ్చును. ఆ హానిని ఆపగలవారు దూరదేశములలోని శాస్త్రజ్ఞులు కారు. గ్రామమున నలుగురు మాట వినునట్టి మీరే. అందుచేత ఈ విషయమును మీముందు ఉంచుచున్నాను.

గ్రహశకలములనగా ఏమి?

సూర్యుని చుట్టును భూమి మొదలగు గ్రహములు తిరుగుచున్నవని పిల్లలు కూడ చదువుకొనుచున్నారు. ఆ గ్రహములు ఏర్పడిన కాలమున మిగిలిపోయిన రాళ్ళు, లోహపు ముక్కలు లక్షలకొలది నేటికిని సూర్యుని చుట్టును తిరుగుచున్నవి. ఇల్లు కట్టిన తరువాత పెరటిలో మిగిలిపోయిన ఇటుక ముక్కల వంటివి ఇవి. వీనినే గ్రహశకలములందురు. వీనిలో అధిక భాగము కుజ, బృహస్పతి గ్రహముల నడుమ తిరుగుచుండును. కొన్ని మాత్రము దారి తప్పి భూమి మార్గమునకు దగ్గరగా వచ్చుచుండును. అట్టివి ఇప్పటికి సుమారు 40,000 కనిపెట్టబడినవి.

ఈ రాళ్ళను వెదకుటలో మన దక్షిణ దేశమునకు పాత సంబంధమే కలదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగమై యున్న కాలమున, 1861లో, మద్రాసు నక్షత్రశాలలో నార్మన్ పాగ్సన్ అను ఖగోళజ్ఞుడు ఒక గ్రహశకలమును కనుగొని దానికి ‘ఆసియా’ అని పేరు పెట్టెను. ఆసియా ఖండమునుండి కనుగొనబడిన మొదటి గ్రహశకలము అదియే. ఆయనయే 1866లో ‘సిల్వియా’ అను మరియొక దానిని కనుగొనెను. ఆ సిల్వియా చుట్టును రెండు చిన్న చందమామలు తిరుగుచున్నవని 2005లో తేలినది. రెండు చందమామలు కలిగిన గ్రహశకలము ఉన్నదని లోకమునకు తెలియుట అదియే ప్రథమము. పిమ్మట నూరేండ్లకు పైగా గడచిన తరువాత, 1988లో, తమిళనాడులోని కావలూరు నక్షత్రశాలనుండి ఆర్. రాజమోహన్ అను శాస్త్రజ్ఞుడు మరియొక గ్రహశకలమును కనుగొనగా, దానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టిరి.

ఈ శకలములన్నియు ఒకే తీరున ఉండవు. కొన్ని గట్టి రాతి బండలు. కొన్నింటిలో లోహము అధికము. కొన్ని జంటలుగా తిరుగును. బెన్ను అనునది సుమారు అర కిలోమీటరు వెడల్పు గలది. అది ఒకే బండ కాదు, రాళ్ళు, కంకర వదులుగా కూడిన కుప్ప. 2020లో అమెరికావారి యంత్రనౌక దానిని తాకినప్పుడు, వదులు ఇసుకలో కాలు దిగబడినట్లు లోనికి దిగబడినది. అక్కడ తీసిన మట్టిని 2023 సెప్టెంబరులో భూమికి తెచ్చిరి. ఏ రాయి గట్టిది, ఏది గుల్లది అని తెలిసికొనుట వినోదమునకు కాదు. ఒకనాడు అట్టిదానిని దారి తప్పింపవలసివచ్చినచో, బండను నెట్టుట వేరు, కంకరకుప్పను నెట్టుట వేరు గదా!

నేల మీద పడిన రాళ్ళు

ఆకాశమునుండి రాళ్ళు పడుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1852 జనవరి 23వ తేదీన నెల్లూరు సమీపమున, ఆనాటి దొరలు ఇంగ్లీషులో ‘యాటూరు’ అని వ్రాసికొన్న పల్లెలో, ఒక ఉల్కాశిల పడినది. ప్రపంచపు ఉల్కల పట్టికలలో నేటికిని అది ‘నెల్లూరు’ అను పేరుతోనే ఉన్నది. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు, వేలాది సంవత్సరముల క్రిందట పడిన పెద్ద రాయి చేసిన గుంటయే. దాని వెడల్పు 2 కిలోమీటర్లకు కొంచెము తక్కువ.

ఇక కీడు మాట చెప్పెదను. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా ప్రాంతమున ఒక రాయి ఆకాశముననే ప్రేలి, రెండు వేల చదరపు కిలోమీటర్లకు మించిన అడవిని నేలగూల్చినది. అది జనసంచారము మిక్కిలి తక్కువగా నున్న అడవి యగుటచే పెద్ద ప్రాణనష్టము జరుగలేదు. ఆ దినమును గుర్తుంచుకొనుటకే ఐక్యరాజ్యసమితి ఏటేట జూన్ 30ని గ్రహశకల దినముగా పాటింపుమని 2016లో తీర్మానించినది.

2013 ఫిబ్రవరి 15 ఉదయము రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముపై సుమారు 20 మీటర్ల రాయి ఆకాశమున ప్రేలినది. అది సూర్యుని దిక్కునుండి వచ్చినందున ముందుగా ఎవరికిని కనబడలేదు. సుమారు 1,500 మంది గాయపడిరి. వారిలో అధికులకు రాయి తగిలి గాయములు కాలేదు. పగిలిన కిటికీ అద్దములు గ్రుచ్చుకొని అయినవి. ఏలయన, ముందు కన్నులు మిరుమిట్లుగొలుపు వెలుగు కనబడినది. జనులు అదేమో చూతమని కిటికీలకడకు పరుగెత్తిరి. సుమారు రెండు నిమిషములకు ప్రేలుడు గాలి వచ్చి అద్దములను బ్రద్దలు చేసినది. మెరుపు ముందు, ఉరుము వెనుక అని మన పల్లెల పిల్లవానికిని తెలియును. ఆ తెలివి ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చియున్నచో ఎందరో గాయపడకుందురు. ఈ సంగతికి మరల వచ్చెదను.

అయినను అనవసరముగా భయపడరాదు. చెల్యాబిన్స్క్ వంటి రాయి ఎన్నియో దశాబ్దములకొకసారి వచ్చును. అంతకు పెద్దవి అంతకంటె అరుదుగా వచ్చును. ఒక కిలోమీటరుకు మించిన మహాశిలలలో నూటికి తొంబదియైదు వంతులకు పైగా ఇదివరకే గుర్తింపబడినవి. వానిలో రాబోవు నూరేండ్లలో భూమిని తాకునది ఏదియు లేదు. 140 మీటర్లకు పైబడిన మధ్యరకపు రాళ్ళలో సగమైనను ఇంకను గుర్తింపబడలేదు. అందుచేతనే వెదకుట నిరంతరముగా సాగుచున్నది.

శాతములు పెరుగుట, తరుగుట

2024 డిసెంబరు 27న చిలీ దేశములోని దూరదర్శిని ఒక క్రొత్త శకలమును పట్టినది. దాని వెడల్పు సుమారు 60 మీటర్లు. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకవచ్చునని లెక్క వచ్చినది. తాకినచో ఎచ్చట పడవచ్చునో గీసిన సన్నని పట్టీ పసిఫిక్ మహాసముద్రమునుండి దక్షిణ అమెరికా, ఆఫ్రికాల మీదుగా మన దక్షిణ ఆసియా వరకు వచ్చినది. మొదట నూటికి ఒకటి అన్నారు. 2025 ఫిబ్రవరి 18 నాటికి నూటికి మూడు అన్నారు. వారము తిరుగకముందే దాదాపు ఏమియు లేదన్నారు.

దీనిని విని కొందరు, “నిన్న మూడన్నారు, నేడు లేదన్నారు, ఏదియో దాచుచున్నారు” అనిరి. ఇది పొరపాటు. దీని మర్మము మన సముద్రతీరమువారికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు.

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదనుకొనుడు. మొదటి దినమున అది ఒంగోలు మొదలు పుదుచ్చేరి వరకు ఎచ్చటనైనను తీరము దాటవచ్చునని వాతావరణ శాఖవారందురు. ఆ దినమున కృష్ణపట్నము వాటాకు వచ్చు అపాయము పదింట ఒక పాలు అనుకొందము. మరునాడు తుఫాను దగ్గరపడగా, ఒంగోలు వైపు పోదని తేలును. ఆ చివర పుదుచ్చేరి వైపును పోదని తేలును. మిగిలినది కొద్దిపాటి తీరము. అందులో కృష్ణపట్నము ఇంకను ఉన్నది గనుక దాని వాటా పదింట ఒకటినుండి ఐదింట ఒకటికి పెరిగినది. తుఫాను బలము పెరుగలేదు, మన పాపమును పెరుగలేదు. మన తెలివి పెరిగినది. మూడవనాడు అది మదరాసు వైపు తిరిగినదని ఖాయముగా తెలిసినంతనే కృష్ణపట్నము వాటా ఒక్కసారిగా శూన్యమగును. మొదటి దినమున చెప్పినదియు నిజమే, చివరి దినమున చెప్పినదియు నిజమే. గ్రహశకలముల లెక్కయు సరిగా ఇట్టిదే. మొదట కొద్దిగా పెరిగి, పిదప శూన్యమగుట దాని సహజ మార్గము. కనుక రేపు ఏ పత్రికలోనో, సెల్ ఫోనులోనో “ప్రమాదము నూటికి మూడు” అని చదివిన వెంటనే గుండె చెదరనీయకుడు, “రేపటి లెక్క ఏమి?” అని అడుగుట నేర్చుకొనుడు.

రెండు దినములు – రెండు ప్రమాదములు

2029లో రానున్న రాయి పేరు అపోఫిస్. అది 2004 జూన్‌లో అమెరికాలోని అరిజోనానుండి కనుగొనబడినది. పూర్వపు ఈజిప్టువారి కథలలో అపోఫిస్ చీకటికి అధిపతియైన మహాసర్పము. దాని వెడల్పు సుమారు 340 మీటర్లు. ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీ నాటి లెక్కలో, 2029లో అది భూమిని తాకుటకు నూటికి 2.7 వంతులు అవకాశమున్నదని వచ్చినది. అంతవరకు ఏ శకలమునకును అంత పెద్ద లెక్క రాలేదు. మరునాటికి పాత ఛాయాచిత్రములు దొరకి, ఆ లెక్క చెల్లకపోయినది. 2021లో రాడారుతో పరిశీలించిన మీదట, కనీసము నూరేండ్ల వరకు అపోఫిస్ వలన భూమికి భయము లేదని ఖాయమైనది.

2004 డిసెంబరు 27 అనగానే మీకు మరియొకటి జ్ఞప్తికి వచ్చియుండును. దానికి ముందటి దినము, 26వ తేదీ ఆదివారము, సునామీ వచ్చినది. ఆ విపత్తులో ఆంధ్రప్రదేశ్ తీరమున నూరుమందికి పైగా మరణించిరి. నెల్లూరు తీరపు పాళెములలో పడవలు, వలలు పోయినవి, మనుష్యులును పోయిరి. లోకమంతయు ఆ దుఃఖములో మునిగియున్నందున, ఆకాశపు రాయి సంగతి ఎవరికిని పట్టలేదు.

ఈ రెండింటిని ప్రక్క ప్రక్కన ఉంచి చూడుడు. ఒక ప్రమాదము ఇరువదినాలుగేండ్లకు పైగా ముందు తెలిసినది. అది రానే రాదని కూడ తెలిసిపోయినది. రెండవ ప్రమాదము సుమత్రా సమీపమున ఉదయము ఆరున్నర గంటలకు భూకంపముగా పుట్టినది. అల మన తీరమునకు చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. రెండు గంటలలో ఒక పాళెమంతయు కాలినడకన మిట్టకు చేరగలదు. కాని చెప్పువాడు లేడు. సముద్రము మనలను చంపినది నిజమే. దానితోపాటు వార్త లేకపోవుటయు చంపినది. ఆ లోపమును పూరించుటకే 2007 అక్టోబరులో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది.

వార్త లేనిచోట ప్రాణములు పోవును. అబద్ధపు వార్త ఉన్నచోట ఆస్తులు పోవును. ఈ రెండవదానికిని మన తెలుగుదేశముననే దృష్టాంతము కలదు.

స్కైలాబ్ నాటి పాఠము

1973లో అమెరికావారు ఆకాశమునకు పంపిన స్కైలాబ్ అను ప్రయోగశాల 1979 జూలైలో భూమిపై పడిపోనున్నదని వార్త వచ్చినది. దాని బరువు సుమారు 77 టన్నులు. మన తెలుగు పల్లెలలో ఆ నాటి భీతిని పెద్దవారు నేటికిని చెప్పుకొందురు. ఎట్లును చచ్చుట ఖాయమని కొందరు మేకలను, కోళ్ళను కోసికొని తినిరి. ఉన్నదానిని అయినకాడికి అమ్ముకొనినవారును ఉండిరి. జూలై 11వ తేదీన స్కైలాబ్ పడినది. దాని ముక్కలు హిందూ మహాసముద్రమున, ఆస్ట్రేలియా పడమటి భాగమున పడినవి. ఎవరికిని గాయము కాలేదు. తెల్లవారి లేచి చూచుకొనగా భూమి ఉన్నది, ఆకాశము ఉన్నది. దొడ్డిలో మేకలు మాత్రము లేవు. అంతకు ముందు, 1962 ఫిబ్రవరిలో, ఎనిమిది గ్రహములు ఒకచోట కూడినవనియు ప్రళయము తప్పదనియు దేశమంతట వ్యాపించిన భయమును ఇట్లే గడచిపోయినది.

ఆ నాటి పల్లెప్రజలను మనము పరిహసింపరాదు. వారు అవివేకులు కారు. వారికి నిజము చెప్పు మనుష్యుడు దగ్గర లేడు, అంతియే. ఒక్క గ్రామ పెద్ద, “ఇది మన ఊరిపైననే పడునని ఎవరు చెప్పిరి? రెండు దినములు ఆగుడు, అమ్మకములు వలదు” అని చెప్పియున్నచో, ఆ ఊరి పేదవాని మేక బ్రతికియుండెడిది.

ఇప్పుడు 2029 ఏప్రిల్ సంగతి ఆలోచింపుడు. రాయి భూమికి 32,000 కిలోమీటర్ల దూరమున పోవును. మన ఇండ్లపై నున్న డిష్‌లకు టెలివిజను బొమ్మలను పంపు ఉపగ్రహములు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి. అనగా ఆ రాయి ఆ ఉపగ్రహములకంటెను మనకు దగ్గరగా వచ్చును. ఇంత పెద్ద శకలము ఇంత సమీపముగా వచ్చుట మిక్కిలి అరుదు. ఆ దినము శుక్రవారము. పైగా అమావాస్య రాత్రి. వదంతి పుట్టుటకు ఇంతకంటె అనువైన వేళ వేరే కావలయునా? స్కైలాబ్ నాడు మాట నోటినుండి నోటికి నడచినది. నేడు సెల్ ఫోనులో ఒక్క గడియలో రాష్ట్రమంతయు తిరుగును. అందుకే ఐక్యరాజ్యసమితి 2029వ సంవత్సరమును గ్రహశకలములను గూర్చి ప్రజలకు తెలియజెప్పు అంతర్జాతీయ సంవత్సరముగా ప్రకటించినది.

మనుష్యుని ప్రయత్నము

ప్రకృతి వైపరీత్యములలో గ్రహశకలమునకు ఒక విశేషము కలదు. తుఫానును ఆపలేము; భూకంపము ఎప్పుడు వచ్చునో చెప్పలేము. గ్రహశకలమును మాత్రము ఎన్నియో ఏండ్ల ముందుగనే లెక్కగట్టవచ్చును. తగిన వ్యవధి ఉన్నచో దారి మళ్ళింపనువచ్చును. 2022 సెప్టెంబరులో అమెరికావారు ఒక యంత్రనౌకను పంపి, డిమార్ఫస్ అను సుమారు 160 మీటర్ల శకలమును బుద్ధిపూర్వకముగా ఢీకొట్టించిరి. అది భూమికి అపాయము చేయునది కాదు, పరీక్షకై ఎన్నుకొనబడినది. తనకంటె పెద్ద శకలము చుట్టును 11 గంటల 55 నిమిషములకొకసారి తిరుగుచుండిన ఆ రాయి, ఆ దెబ్బతో అర గంటకు పైగా తక్కువ కాలములో తిరుగజొచ్చినది. మానవుడు ఒక ఆకాశగోళపు నడకను మార్చుట చరిత్రలో అదియే మొదటిసారి. ఏండ్ల ముందుగా చిన్న త్రోపు త్రోసిన చాలును. భూమికడకు వచ్చునప్పటికి అది వేల కిలోమీటర్ల ఎడముగా పోవును. నడిసముద్రమున చుక్కానిని కొద్దిగా త్రిప్పినచో పడవ వేరు రేవునకు చేరునని మీకు నేను చెప్పవలెనా?

మన దేశమును ఈ రంగమున ఊరకుండలేదు. పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమనున్న శ్రీహరికోట, 2022లో తిరుపతి జిల్లాలో చేరువరకు నెల్లూరు జిల్లాలోనిదే. అచ్చట ఒకేసారి పది వస్తువులను వెంబడించి చూడగల రాడారు కలదు. అది ఉపగ్రహములను, వాని శిథిలములను కనిపెట్టుటకు ఏర్పడినది. 2020 డిసెంబరులో బెంగుళూరులోని పీణ్యలో మన అంతరిక్ష సంస్థవారు, ఆకాశ శిథిలములవలన మన ఉపగ్రహములకు కలుగు అపాయమును గమనించుటకు ‘నేత్ర’ అను కేంద్రమును తెరచిరి. 2024లో గ్రహశకలముల రక్షణను గూర్చి ప్రత్యేకముగా సదస్సును జరిపిరి.

పంచాయతీలు చేయవలసినది

ఆకాశమును శాస్త్రజ్ఞులు చూచుకొందురు. ఊరిని చూచుకొనవలసినవారు మీరు. మీకు నేను ఐదు సంగతులు విన్నవించుచున్నాను. వీనికి ప్రత్యేకముగా ధనము అక్కరలేదు.

మొదటిది, వార్తకు ఒక ద్వారము. ఏ విపత్తు గూర్చియైనను వాతావరణ శాఖ, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, కలెక్టరు కార్యాలయపు కంట్రోలు రూము వీనినుండి వచ్చునదే వార్తయని గ్రామసభలో తీర్మానించుడు. సెల్ ఫోనులకు ప్రభుత్వ హెచ్చరికలు నేరుగా పంపు పద్ధతిని 2023లో దేశమున పరీక్షించిరి. అట్టి సందేశము వచ్చినచో చదువరానివారికి చదివి చెప్పుటకు ప్రతి వార్డునకు ఒకరిని నియమించుడు. పాళెపు పెద్దలను, బడిపంతుళ్ళను, స్వయంసహాయక సంఘముల సోదరీమణులను ఈ పనిలో చేర్చుకొనుడు. వదంతి వచ్చిన పూటనే టముకు వేయించి ఖండింపుడు. మరునాటి వరకు ఆగరాదు.

రెండవది, భయపు అమ్మకములను ఆపుట. ప్రళయము వచ్చునన్న మాట ఊరిలో పుట్టినప్పుడు పశువులు, పడవలు, వలలు, బంగారము, భూమి చవుకగా కొనుటకు ఎవరైన తిరుగుచున్నచో, ప్రళయము వచ్చునని ఆ కొనువాడు నమ్ముటలేదని గ్రహింపుడు. నమ్మినవాడు కొనడు గదా! ఈ ఒక్క మాట గ్రామసభలో చెప్పిన చాలును, బీదవారు ఎందరో మోసమునుండి బయటపడుదురు.

మూడవది, తుఫాను షెల్టర్లు. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుఫాను మీలో పలువురికి జ్ఞప్తియందుండును. నేడు ముందుగా హెచ్చరించి ప్రజలను తరలించుటచే ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది. షెల్టరు తాళము ఎవరివద్ద ఉన్నది, నీళ్ళ తొట్టి పగిలియున్నదా, దారిపై సరుగుడు కొమ్మలు పడినచో తీయువారెవరు అను సంగతులు తెలిసియున్న ఊరు ఏ విపత్తునకైనను సిద్ధముగా ఉన్న ఊరే. ఎప్పుడైన ఒక చిన్న శకలము ఫలాని ప్రాంతమున పడునని ముందుగా తెలిసినచో, అప్పుడును చేయవలసినది ఇదియే: ఆ ప్రాంతమును ఖాళీ చేయుట. 2008లో సూడాను ఎడారిపై పడిన చిన్న శకలమును పడుటకు ఇరువది గంటల లోపున కనుగొనగలిగిరి. అట్టి అల్పవ్యవధికి పనికివచ్చునది మునుపే సిద్ధమైన షెల్టరు, మునుపే తెలిసిన దారి.

నాలుగవది, బడిపిల్లలకు నేర్పవలసిన చిన్న సూత్రము. ఆకాశమున అసాధారణమైన గొప్ప వెలుగు కనబడినచో కిటికీకడకు పోరాదు. అద్దములకు దూరముగా పోయి, గోడ చాటున నేలపై పండుకొని, తలను చేతులతో కప్పుకొనవలెను. కొన్ని నిమిషములు అట్లే ఉండవలెను. చెల్యాబిన్స్క్ నేర్పిన పాఠమిది. బాణసంచా ప్రమాదములలోను, కర్మాగారముల ప్రేలుళ్ళలోను ఇదియే రక్ష.

ఐదవది, పడిన వస్తువును ముట్టకుండుట. మన తీరము శ్రీహరికోటకు దగ్గర. రాకెట్టు ప్రయోగమునకు ముందు ఫలాని మేర వేటకు పోరాదని హెచ్చరిక వచ్చుట మత్స్యకార సోదరులకు తెలియును. సముద్రమున గాని ఒడ్డున గాని వింత లోహపు వస్తువు కనబడినచో ముట్టక, పగులగొట్టక, పోలీసువారికి, తహశీల్దారునకు తెలుపుడు. అందులో విషపదార్థములు మిగిలియుండవచ్చును. ఆకాశమునుండి రాయి పడినచో అది పడిన చోటును, వేళను వ్రాసియుంచి అధికారులకు అప్పగింపుడు. ఉల్కాశిలలను భద్రపరచి పరిశీలించుట భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారి బాధ్యత. దానిని ముక్కలు చేసి పంచుకొనినచో శాస్త్రమునకు నష్టము. మీకును లాభము లేదు.

చివరి మనవి

2029 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి తలుపులు మూసికొని కూర్చుండుట మన పని కారాదు. ఆ రాత్రి అపోఫిస్ హిందూ మహాసముద్రము మీదుగా ఆఫ్రికా వైపునకు సాగును. మన గడియారము ప్రకారము 14వ తేదీ తెల్లవారుజామున మూడు గంటలు దాటిన పిమ్మట భూమికి అతి సమీపమునకు వచ్చును. చంద్రుడు లేని రాత్రి. మబ్బు లేనిచో, దీపకాంతి సోకని మన సముద్రపుటొడ్డు దానిని చూచుటకు మంచి చోటు. అది అగ్నిగోళమువలె ఉండదు. మెల్లగా కదలు ఒక చిన్న చుక్కవలె ఉండును. ఒక బైనాక్యులరు సంపాదించి, బడిపిల్లలను వెంటబెట్టుకొని, పంతులుగారి చేత నాలుగు మాటలు చెప్పించుడు. ఊరి పెద్దలు ధైర్యముగా ఒడ్డున నిలిచి పిల్లలకు ఆ చుక్కను చూపుచుండగా, ఇంటిలో మేకను అమ్మవలెనన్న ఊహ ఎవరికి కలుగును?

ఈ సంవత్సరపు గ్రామసభలలో ఒకదానియందు ఈ ఐదు సంగతులను చదివి వినిపించి, తీర్మానపు పుస్తకములో వ్రాయించుడని నా మనవి. సునామీనాడు మనకు చెప్పువారు లేరు. స్కైలాబ్‌నాడు చెప్పినవారు నిజము చెప్పలేదు. ఇక ముందు మన తీరపు ప్రతి గ్రామమునను నిజము చెప్పువాడు ఒకడుండవలెను. ఆ మనుష్యుడు మీలోని వాడే కావలెను.